హెలెన్ కెల్లర్ చేసిన ఉద్యోగాలు

హెలెన్ కెల్లర్ పేరు వినని వాళ్లు మనలో తక్కువ. తెలుగు బడిలో చదివినవారైనా, కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ బడుల్లో చదివినవారైనా ఎక్కడో ఒకచోట ఆమె పాఠం చదివే ఉంటారు. చూపూ వినికిడీ లేని ఒక చిన్నపిల్ల చేతిమీద పంపు నీళ్లు పడుతుంటాయి. రెండో చేతిలో ఆ నీటి పేరును వేళ్ల గుర్తులతో తెలియజేస్తుంటారు టీచరమ్మ. ప్రతి వస్తువుకూ ఒక పేరుందని ఆ పిల్లకు అప్పుడు తెలుస్తుంది. పాఠం అక్కడితో అయిపోతుంది.

పంపు దగ్గర ఆ సంగతి జరిగింది 1887లో. హెలెన్ కన్నుమూసింది 1968లో. మధ్యలో 81 ఏళ్లు ఉన్నాయి. అన్నేళ్లలో ఆమె ఏ పని చేశారు, ఎవరు డబ్బిచ్చారు, ఇల్లెలా గడిచింది అన్నది పాఠంలో ఉండదు. ఉద్యోగమంతా జీతాల బిల్లులు రాసిన గుమాస్తాను కాబట్టి, ఎవరి జీవిత చరిత్ర చదివినా నా చూపు ముందు అటే పోతుంది. హెలెన్ కెల్లర్ విషయంలో అటు చూస్తే పాఠంలో లేని మనిషి కనిపించారు. పత్రికల్లో, ఉపన్యాస వేదికల మీద, సినిమాలో, నాటకశాలలో పని చేసి, చేసిన పనికి డబ్బు అడిగి తీసుకున్న మనిషి. ఆ కథే ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

పత్రిక ఎడిటరు గారి ఇంట్లో

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో టస్కంబియా అనే చిన్న ఊరు. అక్కడ 1880 జూన్ 27న హెలెన్ పుట్టింది. తండ్రి ఆర్థర్ కెల్లర్ అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో కెప్టెనుగా పనిచేసినవారు. తరువాత నార్త్ అలబామియన్ అనే స్థానిక పత్రికకు ఎడిటరుగా ఉన్నారు. తల్లి పేరు కేట్.

పిల్లకు 19 నెలల వయసులో తీవ్రమైన జ్వరం వచ్చింది. బతుకుతుందో లేదో అనుకున్న బిడ్డ బతికింది. చూపూ వినికిడీ మాత్రం పోయాయి. మాటలు నేర్చుకునే వయసు కాబట్టి మాటా ఆగిపోయింది.

ఆ రోజుల సంగతి ఒకటి హెలెన్ తన ఆత్మకథలో రాసుకున్నారు. తండ్రి ఒక్కడే కూర్చుని ముఖానికి అడ్డంగా ఏదో కాగితం పట్టుకుని ఉండటం పిల్ల తడిమి తెలుసుకునేది. ఎందుకలా పట్టుకుంటాడో అర్థం కాక తానూ ఒక కాగితం పట్టుకుని చూసింది. ఆయన కళ్లద్దాలు కూడా పెట్టుకుని చూసింది. ఏమీ తెలియలేదు. అవి వార్తాపత్రికలనీ, వాటిలో ఒకదానికి నాన్నే ఎడిటరనీ చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ఆ పిల్లే పెద్దయ్యాక తన రాతలతో పత్రికల పేజీలు నింపింది.

ఆ ఇంటికి 1887 మార్చి 3న ఆన్ సలివన్ వచ్చారు. అప్పటికి ఆమెకు 20 ఏళ్లు. పేదల ఆశ్రమంలో పెరిగిన మనిషి. చిన్నప్పుడే కంటిజబ్బుతో చూపు చాలావరకు పోయింది, ఆపరేషన్ల తరువాత కొంత తిరిగి వచ్చింది. బోస్టన్‌లోని పర్కిన్స్ అంధుల పాఠశాలలో చదివి, 1886లో తన తరగతిలో మొదటి స్థానంలో బయటికి వచ్చారు. టస్కంబియా నుంచి టీచరు కావాలని ఉత్తరం రాగానే పాఠశాల డైరెక్టరు మైఖేల్ అనాగ్నోస్ ఆమె పేరు పంపారు.

దీన్ని ఉద్యోగం ఇప్పించే లెక్కలో పెట్టి చూడండి. కళ్లు సరిగా కనిపించని ఒక యువతిని ఆమె చదివిన బడే జీతమున్న పనికి పంపింది. ఆన్ సలివన్‌కు ఆ ఒక్క ఉద్యోగం దొరక్కపోతే హెలెన్ కెల్లర్ పేరు మనం విని ఉండేవాళ్లం కాదు. ఒకరికి దొరికిన పని ఇంకొకరికి బతుకు ఇచ్చింది.

మొదటి రాత, మొదటి దెబ్బ

హెలెన్ రాతకు మొదటి దెబ్బ చిన్నతనంలోనే తగిలింది. పదకొండేళ్ల వయసులో ఆమె మంచు రాజు మీద ఒక కథ రాసి, అనాగ్నోస్ గారికి పుట్టినరోజు కానుకగా పంపింది. ఆయన మురిసిపోయి అచ్చు వేయించారు. కొద్దిరోజులకే ఆ కథ మార్గరెట్ కాన్బీ అనే రచయిత్రి కథకు చాలా దగ్గరగా ఉందని తేలింది. ఆ పాత కథను ఎప్పుడో ఎవరో హెలెన్ చేతిలో చదివి వినిపించారు. విన్న సంగతి మరిచిపోయినా కథ మనసులో ఉండిపోయింది.

1892లో పర్కిన్స్ పాఠశాలలో విచారణ పెట్టారు. ఎనిమిది మంది కూర్చుని, టీచరును బయటికి పంపి, ఆ పిల్లను ఒంటరిగా ప్రశ్నించారు. తీర్పు సగం సగం అయితే, అనాగ్నోస్ ఓటుతో పిల్ల బయటపడింది. కానీ తన మనసులో వచ్చే వాక్యం తనదేనా, ఎవరిదైనానా అనే భయం ఆ తరువాత కూడా చాలాకాలం వెంటాడిందని ఆమె రాసుకున్నారు. ఎనిమిది మంది పెద్దలు పన్నెండేళ్లు కూడా నిండని పిల్లను కోర్టులో నిలబెట్టినట్టు నిలబెట్టడం తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. చూపున్న పిల్ల ఇదే చేసి ఉంటే ఒక మందలింపుతో పోయేది.

ఆ భయం పోగొట్టటానికి ఆన్ సలివన్ ఆమె చేత మళ్లీ రాయించారు. అలా రాసిన చిన్న స్వీయకథ యూత్స్ కంపానియన్ పత్రికలో 1894 జనవరిలో అచ్చయింది.

మూడు వేల డాలర్ల పని

1900లో హెలెన్ ర్యాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరారు. తండ్రి 1896లో పోయారు, ఇంట్లో అప్పులు. చదువు ఖర్చును స్టాండర్డ్ ఆయిల్ కంపెనీకి చెందిన హెన్రీ రోజర్స్ భరించారు. ఆయన్ని ఇందుకు ఒప్పించింది రచయిత మార్క్ ట్వేన్.

కళాశాలలో ఉండగానే లేడీస్ హోమ్ జర్నల్ అనే పెద్ద మాసపత్రిక నుంచి పిలుపు వచ్చింది. జీవిత కథను నెలనెలా రాసి ఇవ్వాలి, మొత్తం 3000 డాలర్లు ఇస్తామన్నారు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. ఆమె ఒప్పుకున్నారు.

ఒప్పుకున్నాక గడువు తరుముకొచ్చింది. కళాశాల పరీక్షలు ఒకపక్క, పత్రిక తేదీ ఒకపక్క. పని ఎలా జరిగేదో చూడండి. ముందు బ్రెయిలీలో నోట్సు. తరువాత టైపు మిషను మీద కొట్టడం. హెలెన్ టైపు చక్కగా కొట్టేవారు. కానీ ఒకసారి కొట్టిన పేజీని తాను మళ్లీ చదువుకోలేరు. ఎవరో ఒకరు ఆ పేజీని అక్షరం అక్షరం చేతిలో చెప్పాలి. అప్పుడు దిద్దుబాట్లు చెప్పాలి. వాటిని మళ్లీ కొట్టాలి. ఈ పనికి ఆన్ సలివన్ కళ్లు సరిపోక, జాన్ మేసీ అనే యువకుణ్ణి కుదుర్చుకున్నారు. ఆయన హార్వర్డ్‌లో అధ్యాపకుడు, పత్రికా పని తెలిసినవాడు. 1902లో ఆ రచన నెలనెలా వచ్చింది, 1903లో పుస్తకమైంది. ఆ పుస్తకం ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. 1904లో హెలెన్ పట్టా పుచ్చుకున్నారు. చూపూ వినికిడీ రెండూ లేనివారిలో బి.ఏ. సాధించిన మొదటి వ్యక్తి ఆమే.

ఇక్కడ గుమాస్తా లెక్క ఒకటుంది. అదే పనిని చూపున్న రచయిత ఒక్కడే చేసుకుంటాడు. హెలెన్‌కు ఇంకో ఇద్దరి సాయం కావాలి, ఆ ఇద్దరికీ తిండి, బట్ట కావాలి. ఆమె సంపాదన ఎప్పుడూ ఒకరి సంపాదన కాదు, కనీసం ఇద్దరు ముగ్గురి ఇల్లు దాని మీద నడిచింది. దివ్యాంగులకు పని ఇచ్చేటప్పుడు జీతం ఒక్కటే లెక్కగట్టి సహాయకుల ఖర్చును మరిచిపోతే ఏమవుతుందో ఆమె జీవితమంతా చూపిస్తుంది.

ఒక్క విషయమే రాయాలట

పట్టా చేతికొచ్చాక హెలెన్ రచయిత్రిగా బతుకుదామనుకున్నారు. ఉత్తరాలు, పిలుపులు బాగానే వచ్చాయి. కానీ పత్రికల వాళ్లకు కావలసింది ఒక్కటే: ఆమె తన అంధత్వం గురించి, తన చేతివేళ్ల గురించి, తన చీకటి గురించి రాయాలి. దేశంలో పన్నుల గురించో, కూలీల గురించో, చదువుల గురించో రాస్తానంటే ఎవరికీ పట్టదు. 1908లో వచ్చిన పుస్తకానికి ముందుమాటలో ఆమె ఈ సంగతిని నవ్వుతూనే గట్టిగా దెప్పారు.

తన విషయం అని వాళ్లు గీసిన గీతలో ఉంటూనే ఆమె ఒక గొప్ప పని చేశారు. అప్పుడే పుట్టిన బిడ్డలకు కళ్లలో చీము పట్టి చూపు పోవటం ఆ రోజుల్లో ఎక్కువ. తల్లికి ఉన్న సుఖవ్యాధి కాన్పు సమయంలో బిడ్డ కళ్లకు అంటటం దానికి ముఖ్యమైన కారణం. పుట్టగానే కళ్లలో వెండి నైట్రేటు చుక్క వేస్తే ఆ కళ్లు దక్కుతాయని డాక్టర్లకు తెలుసు. కానీ సుఖవ్యాధి మాట ఆడవాళ్ల పత్రికలో ఎత్తటానికి ఎవరికీ ధైర్యం లేదు. 1907లో లేడీస్ హోమ్ జర్నల్‌లో హెలెన్ ఆ విషయం రాశారు. ఎడిటరు ఎడ్వర్డ్ బోక్ అచ్చు వేశారు. దాచిపెట్టిన మాట ఇళ్లలోకి వెళ్లింది. చుక్కల మందు తప్పనిసరి చేయాలనే ప్రయత్నానికి ఆ రాత బలమిచ్చింది. ఒక దివ్యాంగురాలికి పేజీ ఇచ్చినందుకు పత్రిక పాఠకులకు దక్కిన లాభం అది.

ఆ తరువాత గీత దాటారు. అంధత్వం ఎక్కడెక్కడ ఎక్కువ అని వెతికితే పేదవాళ్ల ఇళ్లలో, ఫ్యాక్టరీ ప్రమాదాల్లో కనిపించింది. 1909లో సోషలిస్టు పార్టీలో చేరారు. ఆడవాళ్ల ఓటు హక్కు గురించి, సమ్మెల గురించి రాశారు. అప్పుడు అదే పత్రికా లోకం మాట మార్చింది. అంతకు ముందు ఆమెను ఆకాశానికెత్తిన బ్రూక్లిన్ ఈగిల్ పత్రిక, ఆమె ఆలోచనల్లో పొరపాట్లున్నాయని, ఆమె లోపాల వల్లే అవి వచ్చాయని రాసింది. 1912లో న్యూయార్క్ కాల్ అనే పత్రికలో హెలెన్ దానికి జవాబు ఇచ్చారు. ఏ పుస్తకాలు, ఏ పత్రికలు, ఏ భాషలో, ఎవరి చేత చదివించుకుని ఆ అభిప్రాయానికి వచ్చారో వరసగా రాశారు. ఆ ఎడిటరు గారు ఒకప్పుడు తనను ఎంతగా పొగిడారో కూడా గుర్తుచేశారు.

1913లో ఆ వ్యాసాలన్నీ పుస్తకంగా వేస్తే సరిగా అమ్ముడుపోలేదు. తన కథ చెబితే డబ్బు. తన అభిప్రాయం చెబితే ఖాళీ చేయి. మీడియాలో దివ్యాంగులకు పని అనే మాట ఎత్తినప్పుడు నేను ఎప్పుడూ ఈ ఘట్టం దగ్గరే ఆగిపోతాను. వాళ్లను వార్తగా తీసుకోవటానికి అందరూ సిద్ధమే. వార్త రాసేవాళ్లుగా తీసుకోవటం దగ్గరే వెనకాడతారు.

కార్నెగీ పింఛను

ఇనుము వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఆమెకు ఏటా 5000 డాలర్ల పింఛను ఇస్తానన్నారు. ఆమె వద్దన్నారు. సొంత సంపాదనతో బతకగలనని నమ్మకం.

1913లో ఆన్ సలివన్‌తో కలిసి ఉపన్యాసాలు మొదలుపెట్టారు. ముందు ఆన్ వచ్చి కథ చెప్పేవారు. తరువాత హెలెన్ మాట్లాడేవారు. ఆమె స్వరం చాలామందికి అర్థమయ్యేది కాదు. ఆన్ వాక్యం వాక్యం తిరిగి చెప్పేవారు. టిక్కెట్లు అమ్ముడయ్యేవి.

ఆ ఏడాది వసంతకాలంలో మెయిన్ రాష్ట్రంలో ఒక హోటల్లో ఉండగా ఆన్‌కు ఒంట్లో బాగా సుస్తీ చేసింది. గదిలో ఉన్నది ఇద్దరే. ఫోనులో మాట్లాడి మనిషిని పిలవటం హెలెన్ వల్ల కాదు. కొత్త ఊరు, ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియదు. ఎలాగో గట్టెక్కారు గానీ ఆ రోజు హెలెన్ గుండెలో భయం పడింది. ఆన్‌కు ఏమైనా అయితే ఏం చేయాలి? ఇంటికి రాగానే కార్నెగీకి ఉత్తరం రాసి, పింఛను పుచ్చుకోవటానికి ఒప్పుకున్నారు.

ఇందులో ఆమె ఓడిపోయారని కొందరు అంటారు. నాకు అలా అనిపించదు. పింఛను వస్తున్నా ఆమె పని మానలేదు. మరుసటి ఏడాది పాలీ థామ్సన్ అనే యువతిని సెక్రటరీగా పెట్టుకుని ఊరూరూ తిరిగారు. పింఛను ఆధారం, పని గౌరవం. రెండూ ఒకదానికొకటి అడ్డం కావని ఆమె నడిచి చూపించారు. మన ప్రభుత్వాలు ఇచ్చే నెల పింఛను ఉందిగా, ఇంకా ఉద్యోగం ఎందుకు అని దివ్యాంగులను అడిగేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్లకు ఈ ముక్క చెప్పాలి.

సినిమా, సమ్మె

1918లో హాలీవుడ్ నుంచి పిలుపు. హెలెన్ జీవితం మీద డెలివరెన్స్ అనే మూకీ సినిమా. బాల్యం, యవ్వనం ఘట్టాల్లో వేరేవారు నటించారు, పెద్దయ్యాక కథలో హెలెన్ తన పాత్ర తానే వేశారు. డైరెక్టరు చెప్పే మాట ఆమెకు వినిపించదు కదా. ఆయన నేల మీద కాలితో తట్టేవారు. ఆ అదురు ఆమె పాదాలకు తెలిసేది. ఎన్ని తట్లకు ఏం చేయాలో ముందే అనుకునేవారు. ఒక పని మనిషికి తగినట్టు పని జరిగే తీరును కొద్దిగా మార్చుకోవటం అంటే ఇదే. మన చట్టాలు తగిన సౌకర్యాలు అని పెద్దమాటలో చెప్పేది, ఆ డైరెక్టరు 1918లో కాలి చప్పుడుతో చేశారు.

1919 ఆగస్టులో సినిమా న్యూయార్క్‌లో విడుదలైంది. సరిగ్గా అప్పుడే రంగస్థల నటులు సమ్మెలో ఉన్నారు. హెలెన్ తన సొంత సినిమా ప్రారంభానికి వెళ్లకుండా సమ్మె చేసేవాళ్ల పక్షాన నిలబడ్డారు. డబ్బు అవసరం తీవ్రంగా ఉన్న రోజులవి. అయినా తోటి పనివాళ్ల జీతం మాట వచ్చేసరికి ఆమె గీత ఇటువైపే నిలబడ్డారు. సినిమా మీద ఆమెకు ఆశించిన డబ్బు రాలేదు.

రోజుకు రెండు ఆటలు

1920 నుంచి 1924 దాకా చేసిన పని గురించి మన దగ్గర ఎక్కువమందికి తెలియదు. అమెరికాలో అప్పుడు వాడవిల్ అనే వినోద ప్రదర్శనలు ఉండేవి. ఒకే టిక్కెట్టు మీద పాటలు, హాస్యం, గారడీ, జంతువుల ఆటలు వరసగా వచ్చేవి. మన జాతర్లలో రాత్రి జరిగే రికార్డింగ్ డాన్సు, హరికథ, మ్యాజిక్కు కలిపి ఒకే హాల్లో పెట్టారనుకోండి. ఆ వరసలో హెలెన్, ఆన్ కలిసి చేసేది 20 నిమిషాల అంశం, రోజుకు రెండు ఆటలు. జీతం వారానికి 2000 డాలర్ల వరకు వెళ్లింది.

హెలెన్ తల్లికి ఇది నచ్చలేదు. చాలామంది పెద్దమనుషులూ ముఖం చిట్లించారు. ఇంత చదువుకున్న మనిషి జంతువుల ఆటల మధ్య నిలబడాలా అన్నారు. హెలెన్‌కు మాత్రం నచ్చింది. ఉపన్యాసాల కంటే డబ్బు ఎక్కువ, తిరుగుడు తక్కువ, ఒక్కో ఊళ్లో వారం దాకా ఉండొచ్చు. చివర జనం ప్రశ్నలు అడిగేవారు. రాజకీయాల మీద కూడా అడిగేవారు. పత్రికలు వద్దన్న అభిప్రాయాలను ఆమె అక్కడ చమత్కారంగా చెప్పేవారు, జనం చప్పట్లు కొట్టేవారు. ఎడిటరుకు అక్కర్లేని మాట ప్రేక్షకుడికి కావలసి వచ్చింది.

1921లో లాస్ ఏంజెలిస్‌లో ఆటకు రెండు గంటల ముందు తల్లి పోయిన వార్త తెలిసింది. ఆ పూట ఆట ఆపలేదు. ఒప్పుకున్న పని కాబట్టి వేదిక ఎక్కి, నవ్వుతూ జవాబులు చెప్పి దిగారు. అయినవాళ్లు పోయిన కబురు అందినా డ్యూటీ దిగి వెళ్లటానికి వీల్లేని పనివాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లకు ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది.

ఆన్ కళ్లకు వేదిక దీపాలు పడలేదు. చూపు మళ్లీ తగ్గుతూ వచ్చింది. చివరికి ఆ పని వదిలేశారు.

నిలకడైన జీతం

1924లో హెలెన్ అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ది బ్లైండ్ అనే సంస్థలో చేరారు. అంధుల కోసం పనిచేసే ఆ సంస్థ 1921లో పుట్టింది. సభల్లో మాట్లాడటం, నిధులు కూడబెట్టటం, చట్టసభల ముందు వాదించటం ఆమె పని. 44 ఏళ్ల వయసులో దొరికిన ఆ పనితో ఆమె అనుబంధం చివరిదాకా సాగింది.

ఆ కాలంలో ఆమె పట్టుదల చూపించే సంగతి ఒకటి ఉంది. 1930ల ఆర్థిక మాంద్యంలో సంస్థవాళ్లు పుస్తకాలను గ్రామఫోను రికార్డుల మీద చదివి వినిపించే పద్ధతి తయారుచేశారు. దాని కోసం నిధులు అడగమని హెలెన్‌ను కోరితే మొదట కాదన్నారు. దేశంలో కోటి మంది పని లేక తిరుగుతుంటే ఇది ఇప్పుడు అంత అవసరమా అన్నది ఆమె ప్రశ్న. తరువాత 1935లో మనసు మార్చుకుని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దగ్గర ఆ యంత్రాల కోసం వాదించారు. నిరుద్యోగులకు పని చూపే ప్రభుత్వ పథకం కిందే వాటి తయారీకి డబ్బు వచ్చింది. పుస్తకమూ దక్కింది, పనీ దక్కింది.

1936లో ఆన్ సలివన్ కన్నుమూశారు. 49 ఏళ్ల తోడు పోయింది. పాలీ థామ్సన్ చేతిసాయంతో హెలెన్ పని కొనసాగించారు. తన టీచరు జీవితం రాస్తూ ఉండగా 1946లో ఇల్లు కాలిపోయి ఆ రాతప్రతి బూడిదైంది. మళ్లీ మొదటినుంచి రాశారు. 1955లో ఆ పుస్తకం అచ్చయింది.

అదే 1955లో, 75వ ఏట, సుమారు 40,000 మైళ్ల ఆసియా యాత్ర చేశారు. మన దేశానికీ వచ్చారు, నెహ్రూను కలిశారు. దానికి నాలుగేళ్ల ముందే, 1951లో, మన భాషలన్నిటికీ కలిపి భారతీ బ్రెయిలీ అనే ఒకే పద్ధతి స్థిరపడింది. తెలుగు అక్షరాలూ అందులో ఉన్నాయి. అమెరికాలో రకరకాల బ్రెయిలీ పద్ధతులు పోయి ఒక్కటే ఉండాలని హెలెన్ ఏళ్ల తరబడి అడిగినవారే. చుక్కల్లో క అన్న అక్షరం తెలుగులోనూ కన్నడంలోనూ ఒకటే. లిపులు వేరై పక్కపక్కనే బతుకుతున్న మనలాంటివాళ్లకు ఇది ఆలోచించవలసిన ముచ్చట.

1961లో పక్షవాతం వచ్చాక బయటి పనులు తగ్గించుకున్నారు. 1968 జూన్ 1న, 88వ పుట్టినరోజుకు కొద్దిరోజుల ముందు, కన్నెక్టికట్‌లోని ఇంట్లో కన్నుమూశారు.

ఆమె బతికి ఉండగానే, 1962లో, ఆమె బాల్యం మీద ది మిరకిల్ వర్కర్ అనే సినిమా వచ్చింది. అందులో హెలెన్‌గా, ఆన్‌గా నటించిన ఇద్దరికీ ఆస్కార్లు వచ్చాయి. ఇద్దరూ చూపూ వినికిడీ ఉన్నవారే. 2005లో మన హిందీలో వచ్చిన బ్లాక్ సినిమాకూ ఆమె జీవితమే ప్రేరణ. అక్కడా అంతే. వాళ్లు గొప్పగా నటించారు, సందేహం లేదు. కానీ 1918లో హెలెన్ తన పాత్ర తానే వేసిన తరువాత ముందుకు వెళ్లామా, వెనక్కి వెళ్లామా అని ఒకసారి ఆలోచించుకోవాలి.

మన పని మనమేం చేయాలి

మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కేటాయించమంది. ప్రైవేటు సంస్థల్లో కనీసం 5 శాతం మంది ఉండేలా ప్రోత్సాహకాలు ఇమ్మని ప్రభుత్వాలకు చెప్పింది. పత్రికలు, టీవీలు, వెబ్‌సైట్లు, ప్రకటనల కంపెనీలు చాలావరకు ప్రైవేటువే. అక్కడ ప్రోత్సాహం కంటే పని ఇచ్చేవాళ్ల మనసే ముఖ్యం.

మన తెలుగు సంఘాలు చిన్నవే అయినా మనమూ మీడియా నడుపుతున్నవాళ్లమే. ఉగాది సంచికలు వేస్తాం, వాట్సాప్‌లో వార్తలు పంపుతాం, సభలు వీడియో తీయిస్తాం. ఫొటోగ్రాఫరుకు డబ్బిస్తాం, డి.టి.పి. చేసేవారికి ఇస్తాం. దివ్యాంగులను మాత్రం వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపేస్తాం. శాలువాతో ఇంటి అద్దె కట్టలేరు కదా.

మన ఇళ్లలో తెలుగు మాట్లాడటం వచ్చి చదవటం రాని పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్లకు తెలుగు అందాలంటే చెవి ద్వారానే అందాలి. చూపు లేకపోయినా తెలుగు చక్కగా చదువుకున్న యువతీ యువకులు ఉన్నారు. తెరమీది అక్షరాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు తెలుగుకూ ఉన్నాయి. మన వార్తలను, సంచికలోని కథలను వాళ్ల గొంతుతో రికార్డు చేయిస్తే మన పిల్లలకు భాష, వాళ్లకు సంపాదన. వినికిడి లేనివారు ఫొటో, వీడియో ఎడిటింగు చేయగలరు. నడవలేనివారు ఇంటినుంచే ఫోనులో వార్తలు సేకరించగలరు, ప్రూఫులు దిద్దగలరు.

ఇవ్వదలిస్తే నాలుగు మాటలు ముందే రాసుకోవాలి. పని ఏమిటో కాగితం మీద ఉండాలి. డబ్బు ఎంతో, ఏ తారీఖున ఇస్తారో ఉండాలి. సహాయకుల ఖర్చు ఎవరిదో తేల్చాలి. చేసినవారి పేరు అచ్చులో పడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, వైకల్యం గురించే రాయమని, చెప్పమని అడగకూడదు. క్రికెట్టు కావాలంటే క్రికెట్టు, మునిసిపాలిటీ నీళ్ల సంగతి కావాలంటే అదే రాయనివ్వాలి.

హెలెన్ కెల్లర్‌కు బతికున్నన్నాళ్లూ పొగడ్తకు కొదవ లేదు. కొదవ అంతా పని దగ్గర, ఆ పనిలో విషయం ఎంచుకునే స్వేచ్ఛ దగ్గర. వచ్చే ఉగాది సంచిక బడ్జెట్టు వేసేటప్పుడు ఆడియో పనికి ఒక పద్దు చేర్చమని మా కమిటీని అడగబోతున్నాను. మీ ఊరి సంఘంలో మీరూ అడగండి. తగినవారు మీకు తెలిసి ఉంటే, శాలువా సైజు కనుక్కోవటం మాని, ఏ పని చేయగలరో, ఎంత ఇవ్వాలో కనుక్కోండి.